మెలి

జలీబ్ సర్కారు క్లినిక్కులో నాకు రెండు పనులు.
ఒకదానికి జీతం ఉంది.

పొద్దున ఆరింటికి కారిడారు తుడుస్తాను,
పదింటికి మళ్లీ,
ఇసుకగాలి లేస్తే ఇంకోసారి.
మధ్యలో మూడో గది తలుపు తెరుచుకుని
"ఖాసింబీ, తఆలీ!" అని కేక.
అంటే లోపల మనోడెవడో
నోరుండీ మాట లేక కూర్చున్నాడని.

డాక్టర్ నెర్మీన్‌ది కైరో.
ఆమెకు నొప్పి అంటే ఒకటే మాట, అలమ్.
మనకో?
పన్ను సలుపుతుంది, కీలు పీకుతుంది,
తలపోటు, కడుపులో దేవినట్టు,
అరికాళ్లు చిమచిమ, పక్కటెముక కలుక్కు,
ఒళ్లంతా రోట్లో వేసి దంచినట్టు.
రాయచోటిలో మాయమ్మ
పేరడగకుండా ఏ నొప్పినీ గడప దాటనిచ్చేది కాదు.
ఇక్కడ అన్నిటికీ ఒకే పేరు,
ఒకే తెల్ల మాత్ర.

ఈ రోజు వచ్చినోడు పోశెట్టి.
మెట్‌పల్లి అవతల ఏదో ఊరు. పరంజా కట్టే పని.
బతాకా గడువు తీరి నాలుగు నెలలు,
కంపెనీ ఇదిగో అదిగో అంటోంది.
కౌంటర్లో పిల్లోడు కంప్యూటరు చూసి
తలకాయ అడ్డంగా ఊపాడు.
రెండు గంటలు కుర్చీలో ముడుచుకుని
నేను తడిపిన నేల ఆరడం చూస్తా ఉన్నాడు.
జుహర్ నమాజుకు జనం పలచబడ్డాక
నేనే తలుపు తోశాను.
డాక్టర్ బతాకా అడగలేదు.
అడగనందుకు నేను ఆమె మొహంలోకి చూడలేదు.

"ఎట్లుందయ్యా నొప్పి?"
"మెలివెడుతాందక్కా.
ఎనకనుంచి ముంగటికి గుంజి, మెలివెడుతాంది."

మెలి.
దీనికి అరబ్బీ నా దగ్గర లేదు.
బకెట్లోంచి తడిగుడ్డ తీసి
రెండు చేతులా పట్టి పిండాను,
ఆఖరి చుక్క రాలేదాకా,
గుడ్డ తన మీద తనే చుట్టుకుని బిగుసుకునేదాకా.
తర్వాత నా నడుం మీద చెయ్యి పెట్టి
ఇక్కడ, అన్నాను.

పెన్ను పరిగెత్తింది. రాయి అంది.
రాయికి అరబ్బీ నాకు తెలుసు,
ఈ ఎండల్లో రోజుకు నాలుగు సార్లు వింటాను.

"మూడు లీటర్లు తాగాలి రోజుకు. ఎందుకు తాగడు?"

పోశెట్టి తన బూట్లకేసి చూశాడు.
"తాగితే దిగాలె గదక్కా.
పద్నాలుగో అంతస్తు. లిఫ్టు సామానుకే, మాకు గాదు.
దిగి ఎక్కెతందుకు అరగంట.
ఆ అరగంట ఫోర్మన్ కోస్తడు."

చెప్పాను, నా వంకర అరబ్బీలో
ముక్కలు ముక్కలుగా:
నీళ్లు. కిందికి. పైకి. డబ్బు లేదు.
ఆమె చాలాసేపు ఏమీ రాయలేదు.
చీటీలో దానికి గడి లేదనుకుంటా.

సూది వేసింది. పెద్దాసుపత్రికి కాగితమిచ్చింది.
ఫర్వానియా పోతే అక్కడా ఓ కౌంటరు,
ఓ కంప్యూటరు, అడ్డంగా ఊగే ఓ తలకాయ.
పోశెట్టికీ తెలుసు. అయినా
నోటు మడిచినంత జాగ్రత్తగా మడిచి
లోపలి జేబులో పెట్టుకున్నాడు.

కూలర్ దగ్గర సీసా నింపి ఇచ్చాను.
సగం తాగి మూత బిగించాడు.
"అంతా తాగు నాయనా."
"బస్సుల గంటసేపు ఉంటనక్కా."

వాడు పోయాక చూసుకుంటే
కుడిచేతి మూడు వేళ్లకు స్పర్శ లేదు.
గుడ్డ పిండినందుకని కాదు, ఏడాదిగా ఇంతే.
తిమ్మిరి. దీన్ని చేసి చూపించేదెట్లా?
మూడో గది ముందర నేల
మాసిపోకపోయినా మళ్లీ తుడిచాను,
ఆమె తలుపు తీస్తే అడుగుదామని.

తీసింది.
"ఖాసింబీ, తఆలీ!"
లోపల ఎవరో ఆడమనిషి
దవడ పట్టుకుని కూర్చోనుంది.
గుడ్డ బకెట్లో వేసి పోయాను.
"చెప్పమ్మా, సలపరమా, జివ్వుమంటోందా?"